మోరీ దగ్గర బరువెక్కిన సైకిలు

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే చెప్పడం ఆపేస్తాను. ఎవరో చెప్పగా విన్నది కాదు ఇది... నాకు జరిగింది. ఆ రాత్రి నేను తాగలేదు. జ్వరం లేదు. జొన్నరొట్టె ముట్టుకుని చెబుతున్నాను, ఒక్క ముక్క కల్పించలేదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నాకు కొత్తగా పెళ్ళయింది. ఆదోనిలో పత్తి మిల్లులో పని. మా ఊరు పెద్దకడుబూరు దారిలో, ఏడు మైళ్ళు. నడిచి పోయేవాణ్ణి, నడిచి వచ్చేవాణ్ణి. నల్లరేగడి కదా, వాన పడిందంటే కాలు పీక్కుని నడవాల్సిందే. రెండుసార్లు ఆలస్యమైంది. మేస్త్రీ గేటు దగ్గరే నిలబెట్టి చెప్పేశాడు.

"ఇంగోసారి మిల్లు కూత అయినాంక వస్తే లోపలికి రావద్దప్పా. ఈ పనికి పదిమంది కాసుకోని ఉండారు."

మాకు సెంటు చేను లేదు. ఆ పని పోతే కూలికి పోవడమే. ఇంటికొచ్చి మా ఇంటిదానికి చెప్పాను. ఈరమ్మ నా కాళ్ళ బురద మీద చెంబుతో నీళ్ళు పోసింది. పోస్తూ అంది...

"సైకిలు తెచ్చుకో. నువ్వు నడస్తాంటే నాకు కాళ్ళు నొస్తాండాయి."

ఎమ్మిగనూరు సంత రోజున సైకిలు షాపు సాయిబు దగ్గరికి పోయాను. పాత సైకిళ్ళు మూడు చూపించాడు. ఒకటి కొత్త రంగుతో తళతళలాడుతోంది. నేను దాని మీదే చెయ్యి వేశాను. సాయిబు నా చెయ్యి తీసేశాడు.

"రంగు సూసి మోసపోతావు నాయనా. జానెడు ఎత్తు లేపి వదులు. ఒక్క సప్పుడే రావల్ల. రెండు వచ్చినాయంటే యాడనో వదులైందని."

రంగుది గలగలమంది. రెండోది అంతకన్నా అధ్వాన్నం. మూడోది... రంగు వెలిసిపోయి, నల్లగా, పొడుగు క్యారియర్‌తో ఉన్నది... లేపి వదిలాను. ధబ్. ఒక్కటే. అప్పుడు సాయిబు వెళ్ళి వెనక క్యారియర్ మీద కూర్చున్నాడు. కిర్ర్...మ్ అంది.

"ఇది మనిషి కూచుంటేనే పలుకుతాది. గుంతల్లో పోయినా పలకదు. సూసుకో."

గుంతల్లో తిప్పి చూశాను. నిజమే, పలకలేదు.

ఆ సైకిలు వచ్చాక చూడాలి నా దర్జా! పండగనాడు హ్యాండిలుకు బంతిపూల దండ. ఆదివారం కొబ్బరినూనె గుడ్డతో తుడుపు. తుడిచేది ఈరమ్మే, నన్ను ముట్టనిచ్చేది కాదు. ఎక్కమంటే మాత్రం ఎక్కేది కాదు. "ఊర్లో నగుతారు" అనేది. దాని చుట్టూ తిరిగి, సీటు మీద చెయ్యి వేసి, పోయి రొట్టెలు తట్టుకునేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ చెయ్యే ముందు గుర్తొస్తుంది.

ఇక ఆ రాత్రి సంగతి.

రెండో షిఫ్టు. దీపావళి అయిన మూడోనాడు, ఎక్కడా వెలుతురు లేదు. మిల్లులో మిషను ఆగిపోయి గంట ఆలస్యంగా వదిలారు. నా సైకిలుకు డైనమో దీపం. తెలుసు కదా... చక్రం తిరిగితేనే వెలుగు. జోరు తగ్గితే దీపం ఎర్రబడుతుంది. ఆగితే చీకటే.

గుర్ర్ర్... అని డైనమో చప్పుడు. కీచురాళ్ళు. ఎక్కడో నక్క. అంతే.

మా ఊరికి మైలు దూరంలో వంక మీద చిన్న మోరీ ఉంది, వంతెన లాంటిది. రెండు పక్కలా మోకాలెత్తు గోడలు. దాని మీదికి వచ్చాను. కీచురాళ్ళు ఆగిపోయాయి...

కిర్ర్...మ్.

వెనక టైరు కిందికి దిగింది. పెడలు బరువెక్కింది. సైకిలు కొంచెం ఎడమకు ఒరిగింది... మనిషి ఒక పక్కకు కాళ్ళు వేసి కూర్చుంటే ఒరుగుతుందే, అట్లా.

ఆగుదామంటే దీపం పోతుంది. దిగి పరిగెత్తుదామంటే కాళ్ళు పెడళ్ళకు అతుక్కుపోయినట్టున్నాయి. తొక్కుతున్నాను... బలమంతా పెట్టి తొక్కుతున్నాను. సైకిలు కదలదే! దీపం ఎర్రబడింది. ఇంకా ఎర్రబడింది. ముందున్న బాట అడుగు మేర కూడా కనపడటం లేదు.

అప్పుడు... నా చొక్కా వెనక... రెండు వేళ్ళు. పట్టుకున్నాయి. గట్టిగా కాదు. పడిపోకుండా పట్టుకుంటారే, అంత.

వెనక్కి తిరగలేదు. మీరైనా తిరగరు. ఊపిరి చప్పుడు లేదు. గాజుల చప్పుడు లేదు. ఆ వేళ్ళే. మైలు దూరం నూరు మైళ్ళయింది.

ఊరి ముందర కళ్ళం ఉంది, పంట నూర్చే చోటు. అక్కడికి రాగానే... కిర్ర్...మ్. సైకిలు తేలికైంది. దీపం ఒక్కసారిగా తెల్లగా వెలిగింది. ఎట్లా తొక్కానో, ఇంటి ముందు పడ్డాను.

ఈరమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చింది. చేతులకు పిండి. రోజూ లాగే చెంగుతో నా ఒంటి మీద దూది దులిపింది. "ఏమయ్యా, అట్ల వణకతాండావు?" అంది. చలి అన్నాను. కొత్త పెళ్ళాం ముందు దయ్యానికి భయపడ్డానని ఎవడు చెబుతాడు? చొక్కా విప్పి దీపం దగ్గర చూశాను. వీపు మీద తెల్లగా రెండు వేళ్ళ గుర్తులు. మిల్లు దూదో, జొన్నపిండో. ఆమె చేతివే అనుకుందామంటే... ఆమె దులిపింది చెంగుతో కదా.

మర్నాడు పొద్దున్నే సైకిలు తీసుకుని ఎమ్మిగనూరు పోయాను. ఎవరిది ఇది, ఎట్లా చచ్చారు అని సాయిబు మీద పడ్డాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

"సచ్చేదేంది నాయనా? మగ్గం నేసే ఆయప్పది ఇది. మొగుడూ పెండ్లాం షోలాపూరుకు పోయినారు. మొన్ననే కార్డు రాసినారు. గుండ్రాళ్ళ మాదిరి ఉండారు. వద్దంటే ఇచ్చిపో, ఇంగొకరికి అమ్ముకుంటా."

ఇచ్చేస్తే? మధ్యాహ్నం కూత లోపల మిల్లుకు ఎట్లా చేరేది? హ్యాండిలు పట్టుకుని వెనక్కి వచ్చేశాను. రోజూ రాత్రి ఆ మోరీ మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటాను. మళ్ళీ ఎవరూ ఎక్కలేదు.

ఏడాది తిరిగింది. ఈరమ్మ మోరీ పక్క చేలో పత్తి తీయడానికి కూలికి పోయింది. నాకు ఆ వారం పగలు షిఫ్టు. పొద్దు గూకే వేళ వస్తుంటే మోరీ గోడ మీద కూర్చుని ఉంది. కాలికి ముల్లు దిగింది, నడవలేదు. చుట్టూ చూసుకుని, సిగ్గుపడుతూ, మొదటిసారి ఎక్కింది.

కిర్ర్...మ్.

ఎడమకు అదే ఒరుగు. పెడలు మీద అదే బరువు. చొక్కా వెనక రెండు వేళ్ళు... అదే పట్టు.

తొక్కుతూనే ఉన్నాను. కళ్ళం రాగానే వెనక నుంచి అంది...

"ఆపు. ఈడ దిగుతా. ఊర్లో సూస్తే నగుతారు."

ఆ రాత్రి ఇంట్లో అంతా చెప్పాను. పడీపడీ నవ్వింది. తరవాత నవ్వు ఆపింది.

"ఆ పొద్దు నువ్వు ఎంతసేపటికీ రాకపాయె. మోరీ దాకా ఎదురొద్దామనుకుంటి. ఆడమనిషిని, ఆ సీకట్లో యాడికొచ్చేది? పిండి పిసుక్కుంటా ఈడనే కూచుంటి. కాళ్ళు రాలే. మనసు వచ్చింటాదిలే."

అని లేచి రొట్టె తిప్పడానికి పోయింది. నన్ను ఆట పట్టించిందో, నిజమే చెప్పిందో... ఈరమ్మ సంగతి ఎప్పుడూ తెలిసేది కాదు. తరవాత ఎన్నో ఏళ్ళు ఆ క్యారియర్ మీద తిరిగింది. ఎప్పుడూ కళ్ళం దగ్గరే దిగేది.

పోయిన ఏడు ఈరమ్మ చనిపోయింది. కర్మలన్నీ అయ్యాక ఒక రాత్రి సైకిలు బయటికి తీశాను. నూనె పెట్టాను. మోరీ దాకా తోసుకుంటూ పోయి, అక్కడ ఎక్కి, మెల్లగా... చాలా మెల్లగా ఊరివైపు తొక్కాను. ఈసారి భయం లేదు. పలకాలనే కోరుకున్నాను. ఆ రాత్రి బతికున్న మనిషి వచ్చి కూర్చోగలిగితే, ఇప్పుడు రావడానికి అడ్డమేముంది?

క్యారియర్ పలకలేదు.

మరి ఆ రాత్రి ఎక్కిందెవరో... నాకు నేటికీ తెలియదు. కళ్ళం దగ్గర మాత్రం కాలు నేల మీద ఆనించి ఆగాను. మనిషి దిగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి, ఇంటికి వచ్చేశాను.