వెనక దవడ పన్ను

జపాన్‌లోని మత్సుయే ఊళ్ళో ఓ చిన్న ఆరోగ్య కేంద్రం. అక్కడ పిల్లల పాలపళ్ళు పుచ్చిపోకుండా ఫ్లోరైడ్ పూత వెయ్యడం టొయోకో పాతికేళ్ళుగా చేస్తున్న పని. పిల్లల తల ఒళ్ళో పెట్టుకునే ముందు అరచేతులు రుద్ది వెచ్చచేసుకుంటుంది. "అరగంటదాకా నీళ్ళు కూడా పట్టకండి" అని ప్రతి తల్లికీ చెబుతుంది. ఈ వసంతంలో హినానో అనే కొత్తమ్మాయి చేరింది. నోరు తెరవమని నీటిగుర్రంలా ఆవలించి చూపిస్తుంది. దాంతో పిల్లలంతా ఆమె వరసలోకే. టొయోకో ఒళ్ళో తువ్వాలు మడతపెడుతుంది, విప్పుతుంది, మళ్ళీ మడతపెడుతుంది.

ఆ బుధవారం నాలుగేళ్ళ మనవరాలు కోహారు వచ్చింది. టొయోకో చేతులు రుద్దుకునేలోపే పక్క వరసలోకి జారుకుంది.

"ఇటు రావే, అమ్మమ్మ వేస్తుంది."

"నువ్వు ఇంట్లో ఉంటావుగా! నాకు నీటిగుర్రం అక్కే కావాలి."

తల్లులు నవ్వారు. టొయోకో కూడా నవ్వింది. పూత పూర్తయ్యాక లేచి వెళ్ళి, మనవరాలి గడ్డం పట్టుకుని, దీపం కింద పళ్ళన్నీ ఒక్కొక్కటే వెతికింది. అన్నీ పూత తడితో మెరుస్తున్నాయి.

"వెనక దవడ పన్ను వదిలేశావమ్మా," అంది.

"అయ్యో, క్షమించండి టొయోకో గారూ!" హినానో నడుం వంచింది.

టొయోకో కుంచె అందుకుని, ఆ తడి పన్నుకే ఇంకోసారి, తీరిగ్గా పూత వేసింది.