ముందు సీటు యాదన్నది

చందానగర్‌లో మా షెడ్డుకి ఒక కట్టుబాటు ఉండేది. బ్రేకు గొట్టం వేసినవాడే, బండి మొదటిసారి రోడ్డెక్కినప్పుడు ముందు సీట్లో కూర్చోవాలి. ఆ కట్టుబాటు పెట్టింది యాదయ్య, మా అందరికీ యాదన్న. "నీ పాణం పెట్టని బండిల మంది పాణం ఎట్ల పెడ్తవ్‌రా?" అనేవాడు.

యాదన్నకు యాభై దాటాయి. బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లు గొట్టాలు వంచాడు. అది మూతపడ్డాక బొంబాయి రోడ్డు పక్కన మా రేకుల షెడ్డులో చేరాడు. ఇంజనీరింగ్ రెండో ఏడు వదిలేసి నేనూ అక్కడే తేలాను. "ఇంజనీర్ సాబ్" అని వెక్కిరించేవాడు కానీ, పని దాచుకోకుండా నేర్పాడు. ఉక్కు గొట్టం చివరను మూతిలా రెండు మడతలు వేసి బిగించాలి. ఆ మూతి వెంట్రుకవాసి చీలినా బ్రేకాయిల్ కారుతుంది. నడుమ అతుకు అసలే ఉండకూడదు. నేనొకసారి అతికితే ఆ గొట్టాన్ని మోకాలికేసి వంచి తుక్కు డ్రమ్ములో పడేశాడు.

మొదట్లో మూతిని ఎండకు పట్టి చూసేవాడు. ఈమధ్య అది మానేసి, బొటనవేలితో తడిమి "మంచిగుంది" అనేవాడు. అబ్బ, ఏం చెయ్యిరా అనుకున్నాను. కనబడ్డవాడికల్లా చెప్పుకున్నాను కూడా.

తొంభై తొమ్మిదిలో సురేంద్ర పాత ఫియట్ మా దగ్గరికి వచ్చింది. ఆయనది కడప, మాదాపూర్‌లో ప్లాట్ల వ్యాపారం. ముందు చక్రాలకు నిరుడే డిస్కు బ్రేకులు వేశాం. ఇప్పుడు వెనక డ్రమ్ములు కూడా తీసేసి డిస్కులు పెట్టమన్నాడు. డిస్కులు నేను బిగించాను. బండి ముందు నుంచి వెనక ఇరుసు దాకా పోయే పొడుగు గొట్టం మాత్రం యాదన్న ఒక్కడే వేశాడు, నేను సామాను కోసం రాణిగంజ్ పోయిన రోజు.

మర్నాడు పొద్దున సురేంద్ర స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. యాదన్న కడుపు పట్టుకున్నాడు.

"జర కడుపుల తిప్పుతున్నది. ఇయ్యాల నువ్వు కూసో."

"గొట్టం నీదే కదన్నా?"

"నాదైతే ఏంది, నీదైతే ఏంది? నడువ్, సారుకు టైమైతున్నది."

ఎక్కాను. ఆయన సీటని గర్వంగానే ఎక్కాను.

మొదటి నాలుగు బ్రేకులు బాగానే పడ్డాయి. మాదాపూర్ దిగుడులో, కంప్యూటర్ కంపెనీల కోసం కట్టిన గుండ్రటి కొత్త భవనం ఇంకా కనబడక ముందే, సురేంద్ర కాలి కింద పెడల్ నేలకంటింది. పాత ఫియట్‌లో నాలుగు చక్రాలకూ ఆయిల్ దారి ఒక్కటే. ఒకచోట పోతే అన్నీ పోతాయి. హ్యాండ్ బ్రేకు వైరు కొత్త డిస్కులకు ఇంకా కలపలేదు.

"ఏమప్పా, బ్రేకు పడల్యా!"

ఎదురుగా రాళ్ల లారీ. నేను స్టీరింగ్ లాగి, రోడ్డు పక్కన పోసిన ఇసుక కుప్పలోకి బండిని మళ్లించాను. నా నుదురు అద్దానికి కొట్టుకుంది.

"నా పెండ్లాం బిడ్డలు ఎక్కాల్సిన బండిరా ఇది!" అని సురేంద్ర నా కాలర్ పట్టుకున్నాడు. కూర్చున్నవాడే చేసినవాడు కదా. తిట్లన్నీ నావే.

బండిని షెడ్డుకు లాక్కొచ్చాక కిందికి దూరాను. వెనక సీటు కింద, చెయ్యి సరిగా పట్టని మలుపులో, గొట్టానికి ఇత్తడి తొడుగు పెట్టి అతికిన జానెడు ముక్క కనబడింది. తెలియకుండా మీద నల్లరంగు పూశారు. అతుకు ఊడి ఆయిల్ కారుతోంది.

బయటికొచ్చేసరికి సురేంద్ర ఇంకా నన్నే తిడుతున్నాడు. యాదన్న పక్కనే నిలబడి గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు.

సురేంద్ర ఆటో ఎక్కి పోయాక అడిగాను.

"అతుకేసినవా?"

"మూతి మూడుసార్లు చీలింది. మూడుసార్లు కోసిన. గొట్టం పొట్టిగైంది."

"ఇంకో గొట్టం లేకుండెనా?"

"ఉండె. అది తీస్తే ముందుదేమాయె అని అడుగుతవ్. ఏం చెప్పాలె నీకు? దగ్గరిది కనబడ్తలేదు, ఏడాదాయె. వేలుతోని తడుముకుంట నడిపిస్తున్న."

నేను ఊరంతా పొగిడిన బొటనవేలు అదన్నమాట.

"నాతోని చెప్తే ఏమైతుండె?"

"ఆగుతదనే అనుకున్నరా. పోచమ్మ తల్లి మీద ఒట్టు."

"ఆగుతదనుకుంటే నువ్వే ఎందుకు కూసోలే?"

తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకున్నాడు. కళ్లు పోవడం ఎవరి తప్పూ కాదు. అతుకు వేయడాన్ని కూడా ఎలాగో మింగేవాణ్నేమో. ఆ పొద్దుటి కడుపునొప్పిని మాత్రం మింగలేకపోయాను.

మూడో రోజుకు కొత్త గొట్టం నేనే తయారుచేశాను, ఒకటే ముక్క. యాదన్న పిలవకుండానే వచ్చి మూతిని తడిమి "మంచిగుంది" అన్నాడు. అతని చేతిలోంచి తీసుకుని, ఎండకు పట్టి చూసి, అప్పుడు బిగించాను.

సురేంద్ర మొహం ముడుచుకునే స్టీరింగ్ పట్టాడు. నాకంటే ముందు యాదన్న పోయి ముందు తలుపు తెరిచాడు.

"ఈసారి నేను కూసుంటరా."

"గొట్టం నాది."

"వెనకనన్న కూసుంట. ఇద్దరం పోదాం."

నేను ఎక్కి తలుపేసుకున్నాను. అతను వెనక తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. సీటు మీదుగా వెనక్కి వంగి, లోపలి గొళ్లెం నొక్కేశాను.

"పోనియ్యండి సార్" అన్నాను.