ఇల్లుబండిలో మంచె

మా మరిదికి గద్వాలలో వెల్డింగు షాపు ఉంది. ఇనుము కనబడితే చేతులు ఊరుకోని మనిషి. ఎవరో మూలకు పడేసిన పాత వ్యాను తెచ్చి, సీట్లు పీకేసి, గ్యాసు పొయ్యి, నీళ్ల డ్రమ్ము, పడుకోవడానికి రెండు బల్లలు బిగించి దానికి ఇల్లుబండి అని పేరు పెట్టాడు. ఒక బల్ల కింద, డ్రైవరు సీటు వెనక. రెండోది దాని పైన, కప్పుకు దగ్గరగా, ముందు అద్దం మీదుగా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. దాని కొసకు పళ్లెమంత కిటికీ. పైకి ఎక్కడానికి ఏదైనా పెట్టాలన్న సంగతి మాత్రం మర్చిపోయాడు. గుర్తుచేస్తే కిందిబల్ల కాళ్ల వైపు గోడకు రెండు కడ్డీలు అతికించి, "గిది చాలదా వదినా?" అన్నాడు. తనకు చాలు. మనిషి వెదురుబొంగులా ఉంటాడు.

మొదటి ప్రయాణం కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిలకు. మా ఆయన, మరిది, మా అత్తమ్మ, నేను. మా ఊరు గట్టులో ఇంటి ముందు బండి ఎక్కగానే అత్తమ్మ పైబల్లను చూసి ఆగిపోయింది. చిన్నప్పుడు జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పుతూ పిట్టలను తోలిన మనిషి ఆమె. ఆ కథ చెప్పకుండా మా ఇంట్లో ఒక పండుగా గడవదు.

"నేను మీద పంట," అంది. పడుకుంటే పైనేనట.

కొడుకులిద్దరూ ఒకేసారి వద్దన్నారు. "దవాఖానల డాక్టరు ఏమన్నడమ్మా? మెట్లు ఎక్కద్దనలేదా?" అన్నాడు మా ఆయన.

"ఇవి మెట్లా? కడ్డీలు గద!"

వాదన బాగానే ఉంది గానీ కొడుకులు వినలేదు. కిందిబల్ల ఆమెకు, పైబల్ల నాకు, మగవాళ్లకు బయట చాపలు అని తీర్పు చెప్పేశారు. నన్నెవరూ అడగలేదు. అత్తమ్మ వనపర్తి దాటేదాకా మూతి ముడుచుకునే కూర్చుంది. నాకు పాపమనిపించింది. కానీ అప్పటికి నా బాధ నాకుంది. ఆ కడ్డీలు ఎక్కాల్సింది నేను.

సోమశిల చేరి, ఒడ్డు పక్కన బండి ఆపి, భోజనాలు అయ్యాక పైకెక్కే కార్యక్రమం మొదలైంది. కుడికాలు మొదటి కడ్డీ మీద పెట్టాను. ఎడమకాలికి చోటు దొరకలేదు. చీర కుచ్చిళ్లు కడ్డీకి పట్టుకున్నాయి. తలా భుజాలూ లోపలికి పోయాయి, మిగతా నేను రాలేదు.

"వదినా, పొట్ట మీద పాకు!" అని మరిది సలహా ఇచ్చాడు. పాకడం నేను నడక నేర్చిన రోజే మానేశాను. చివరికి మా ఆయన బియ్యం బస్తాను లారీకెక్కించినట్టు భుజం ఆనించి ఒక్క తోపు తోశాడు. లోపల పడ్డాక తెలిసింది, లేచి కూర్చుంటే నెత్తి కప్పుకు కొట్టుకుంటుందని. ఎలా పడ్డానో అలాగే నిద్రపోయాను.

తెల్లవారాక దిగాలి. అర్జంటుగా దిగాలి. బండి చేసిన మహానుభావుడు అందులో పొయ్యి పెట్టాడు గానీ మరుగుదొడ్డి పెట్టలేదు. వెనక్కి పాకుతూ కాళ్లు కిందికి వదిలాను. కడ్డీలు ఎక్కడికి పోయాయో దొరకలేదు. కాసేపు గాలిలో కాళ్లాడించి, కిందిబల్ల అంచు మీద మోపి, పడుకున్న అత్తమ్మ కాళ్ల మీదుగా అడుగేసి నేల మీదికి దిగాను. నన్ను చూసి నాకే గర్వమనిపించింది.

"దాటితివా?" అంది అత్తమ్మ, కళ్లు మూసుకునే.

పడుకున్న మనిషిని దాటకూడదు. పొరపాటున దాటితే మళ్లీ వెనక్కి దాటాలి. లేకపోతే పడుకున్నవాళ్లు ఎదగరంటారు. డెబ్బై ఏళ్ల అత్తమ్మ ఇంకెంత ఎదగాలనుకుంటోందో అడుగుదామనుకున్నాను.

"మల్ల ఎనక్కి దాటు."

"అత్తమ్మా, అర్జంటు!"

"నన్ను దాటి గట్లనే పోతవా?"

ఆమెకు అవతల ఉన్నది గోడ. వెనక్కి దాటడమంటే మళ్లీ పైబల్ల ఎక్కడమే. అర్జంటు మనిషిని ఎంతకైనా తెగించేలా చేస్తుంది. ఈసారి ఎవరూ తోయకుండానే ఎక్కాను. ఎక్కాక బుద్ధి వచ్చింది. దిగాలంటే మళ్లీ దాటాలి.

"అత్తమ్మా, జర లేస్తవా?"

"మోకాళ్లు పట్టేసినయ్ బిడ్డా. ఎండ పడినంక లేస్త."

నా కేకలకు అన్నదమ్ములిద్దరూ పరుగెత్తుకొచ్చారు. నేను పైనుంచి తల వేలాడేసి సంగతంతా చెప్పాను. మరిది నవ్వు ఆపుకోలేక బయటికి పోయి మళ్లీ వచ్చాడు.

"అమ్మా, కాళ్లన్న ముడుచుకో," అన్నాడు మా ఆయన.

"ముడుచుకుంటలేవు నాయినా. నేనే మీద పంటే ఇంత పరేషాన్ ఉండకపోవు."

కొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"సరే అనుండ్రి! నాకు ఆగేటట్టు లేదు!" అని అరిచాను.

సరేనన్నారు. అంతే, పట్టేసిన మోకాళ్లు ఆ క్షణమే వదిలేశాయి. అత్తమ్మ లేచి కూర్చుని కొంగు సర్దుకుంది. నేను ఎలా దిగానో, ఎటు పరుగెత్తానో చెప్పను.

కృష్ణలో స్నానాలు చేసి, తిని, మధ్యాహ్నం అందరం బండి దగ్గరికి చేరాం. అత్తమ్మ కొంగు నడుముకు బిగించింది. "ఎవ్వరు ముట్టద్దు," అంది. కొడుకులిద్దరూ పడితే పట్టుకోవడానికి కింద చేతులు చాచి నిలబడ్డారు. ఒక కడ్డీ, రెండో కడ్డీ, ఆ తర్వాత ఆమె పాదాలు మాత్రమే కనిపించాయి. చిన్న మనిషి కదా, నాకు పడుకుంటేనే చాలని చోటులో ఆమె హాయిగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

నేను కిందిబల్ల మీద నడుం వాల్చాను. కాసేపటికి పైనుంచి "హో... హో..." అని వినబడింది. కిటికీలోంచి ఒడ్డున వాలిన కొంగలను తోలుతోంది. అవి ఎవరి పంటా తినడం లేదు. నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఆమె మీద నాకింత ప్రేమ ఉందని నేనెప్పుడూ అనుకోలేదు.

పొద్దు వాలుతుండగా మా ఆయన తలుపు దగ్గరికొచ్చాడు. "ఇగ చాలమ్మా, దిగు. రేపటి సంది తమ్ముడు బండిని కిరాయికి తిప్పుతడు. పోదాం."

పైన "హో" ఆగిపోయింది. కాసేపటికి పాదాలు కిందికి వచ్చాయి. ఆమె ముఖంలో ఎక్కినప్పటి వెలుగు లేదు. నేను పడుకునే ఉన్నాను. బల్ల అంచు మీద కాలు మోపి, నా కాళ్ల మీదుగా అడుగేసి నేల మీద నిలబడింది.

"అత్తమ్మా, నన్ను దాటినవ్," అన్నాను.

"ఏందే?" అన్నాడు మా ఆయన.

"నేను ఎదగకపోతే ఎట్ల? మల్ల ఎనక్కి దాటమను."

అత్తమ్మ నావైపు చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగి, "దాటిన గద మరి. ఏం జేస్త?" అని పెద్ద పని మీద పడినట్టు నిట్టూర్చి, కొంగు బిగించి ఎక్కేసింది. వెంటనే కొంగల మీద కేక మొదలైంది.

మా ఆయన నన్ను లెమ్మన్నాడు. నేను లేవలేదు. నేనక్కడ పడుకుని ఉన్నంతసేపు ఆమె దిగడానికి వీల్లేదు.