ప్రథమ ఫలంగా తెచ్చిన తాండ్ర

పూతలపట్టు దగ్గర మా అక్క వాళ్లకు మామిడితోట ఉండేది. గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు తోతాపురి కాయ తీసుకోవడం మానేసిన ఏడాది, చెట్లు కొట్టించేస్తానన్నాడు బావ. కాయంతా చెట్ల కిందే కుళ్లుతోంది. అక్క ఆయనతో వాదించి వాదించి, చివరికి ప్రార్థన మందిరానికి వచ్చే ఆడవాళ్లం నలుగురం కలిసి తాండ్ర వేస్తామని చెప్పింది.

"ఈ ఒక్క కాపుకు సూస్తా మే," అన్నాడు బావ. "తాండ్ర అమ్ముడుబోతే చెట్లుంటాయి. లేదంటే రంపం మిషను పిలిపిస్తా."

తిరుచానూరులో యాత్రికులకు తినుబండారాలు అమ్మే అంగడాయన ఒక సోమవారం వచ్చి రుచి చూస్తానన్నాడు. నచ్చితే ఉన్నదంతా తీసుకుంటాడు.

రసం తీసి, బెల్లం కలిపి, మంచాల మీద పరిచిన తాటాకు చాపలకు పూసేవాళ్లం. ఒక పొర ఎండాక దాని మీద మరో పొర. బెల్లానికి చీమలు బారులు కట్టాయి. అక్క మోటారు కోసం ఉంచిన డీజిల్లో పాతగుడ్డలు ముంచి మంచంకోళ్లకు చుట్టింది. వడియాలు ఎండబెట్టేటప్పుడు మా అమ్మ కిరసనాయిలుతో అలాగే చేసేది. వడియాలు ఒకటి రెండు ఎండలకే ఇంట్లోకి వచ్చేవి. తాండ్ర వారాల తరబడి అక్కడే ఉంది. అక్క రోజూ పొద్దున ఆ గుడ్డలు మళ్లీ తడిపేది. మా చేతులకూ చీరలకూ ఆ వాసన పట్టేసి, కొన్నాళ్లకు మాకే తెలియకుండా పోయింది.

తాండ్రను ఎవరమూ నోట పెట్టలేదు. మా మందిరంలో ఏ పంటైనా మొదటిది దేవునిది. పీఠం ముందు పెట్టి ప్రార్థించాకే ఇంటివాళ్లు తింటారు. ఒకామె వేలికంటిన రసం నాకబోతే అక్క కసిరింది.

"ఆదివారం దాకా ఓర్సుకోలేవా? దేవునికంటే ముందు నీకేనా?"

అందరం నవ్వుకున్నాం.

అంగడాయన వచ్చే ముందురోజు, ఆదివారం, అక్క తాండ్ర మొదటి చుట్టను తెల్లగుడ్డలో పెట్టి తెచ్చింది. పాస్టరయ్య ప్రార్థించి, ముక్కలు అందరికీ పంచి, తానొకటి నోట్లో వేసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ప్రార్థనేమో అనుకున్నాను. అప్పుడు నా ముక్క నాలుక మీద కరిగింది. ముందు తీపి, వెనకే డీజిలు.

అర్పించినదాన్ని ఎవరు ఉమ్ముతారు? మందిరమంతా మెల్లగా నమిలి మింగింది. తల్లులు పిల్లల తొడలు గిల్లి మింగించారు. వెనక బెంచీలో బావ కూడా మింగాడు.

బయటికొచ్చాక ఒక ముసలామె అడిగింది. "ఏం మే, ట్రాక్టరు మింద ఎండేసినారా?"

ఎవరో నవ్వారు. అక్క నవ్వలేదు.

ఇంటికెళ్లి ప్రతి మంచం మీది తాండ్రా చించి నోట్లో పెట్టుకున్నాం. అన్నీ ఒకటే. మళ్లీ వేయడానికి తోటలో కాయ లేదు. రావద్దని అంగడాయనకు అక్కే ఫోను చేసింది. బావ తిట్టలేదు. గడపలో నిలబడి, "మిషనాయనకు చెప్పేదా?" అన్నాడు.

"చెప్పు," అంది అక్క, మంచంకోళ్లకు చుట్టిన గుడ్డలు విప్పుతూ.

కుంటి పశువునూ గుడ్డి పశువునూ బలిపీఠానికి తేకూడదని బైబిల్లో చదువుకున్నవాళ్లం. తెలిసి తేలేదు. దేవుడు దాన్ని తోసివేయలేదనే నమ్ముతాను. అయినా తోటలో రంపం తిరిగినన్నాళ్లూ నాకు ప్రార్థన నోటికి రాలేదు.

ఇప్పుడు అక్క ప్రథమ ఫలంగా టమోటాలు తెస్తుంది, మామిడి మొద్దులు పెకలించిన చోట పండినవి. పీఠం ముందు తట్ట దించే ముందు, అందరూ చూస్తుండగానే ఒకటి తీసి కొరికి చూస్తుంది. ఆ తర్వాతే పాస్టరయ్య ప్రార్థనకు లేస్తాడు.