మూత తియ్యకుండా నడిపిన బండి

పర్శరాములుకు కోపం ముక్కు మీదే ఉంటుందని దుబాయ్‌లోని సత్వా పేటలో తెలియని రైడరు లేడు. కోరుట్ల బస్టాండు పక్కన స్కూటర్లు విప్పుతూ పని నేర్చుకుని, ఇరవై రెండేళ్ల కింద దుబాయ్ వచ్చి, చిన్న గ్యారేజీలో పెద్ద మెకానిక్కు, అందరికీ ఉస్తాద్ అయ్యాడు. కార్బురేటర్ల కాలంలో ఇంజను చప్పుడు విని రోగం చెప్పేవాడు. ఇంజక్షన్ బండ్లు వచ్చాక స్కానర్ పట్టడం నేర్చుకున్నాడు. అందులో తప్పు కోడు కనబడితే తప్పు బండిది, కనబడకపోతే మనిషిది. ఇంత సులువైన న్యాయం ఏ కోర్టులోనూ దొరకదు.

రెండు వేల ఇరవై నాలుగు జూలైలో ఆ న్యాయం హయాత్ బాషా మెడకు చుట్టుకుంది. బాషాది రాయచోటి. పార్సిళ్లు చేరవేసే కంపెనీలో రైడరు. ఆ కంపెనీ బండ్లు నలభైకీ ఈ గ్యారేజీయే దిక్కు. మిగతా వాళ్లు సత్వా, బర్ దుబాయ్ సందుల్లో తిరుగుతుంటే, ఆ నెల నుంచి ఊరి చివర జెబెల్ అలీ రేవు దాకా పోయేవాడు బాషా ఒక్కడే.

"పెద్ద రోడ్డు మీద అరగంట పోయినాక బండికి ఊపిరి ఆగిపోతాంది ఉస్తాద్. యాక్సిలేటర్ ఎంత తిప్పినా లాగదు. పక్కన పెట్టి కాసేపు నిలబడితే మళ్లా మామూలైతాది" అని మొదటిసారే చెప్పాడు.

పర్శరాములు ట్యాంకు మూత తీసి పెట్రోలు వాసన చూశాడు. ఏప్రిల్ వానలకు ఊరు మునిగినప్పుడు ట్యాంకుల్లో నీళ్లు చేరి బండ్లు మొండికేశాయి. అప్పటినుంచి ఏ బండి వచ్చినా ముందు మూత తీసి వాసన చూడనిదే చెయ్యి పెట్టడు. పెట్రోలు బాగుంది. ప్లగ్గు మార్చాడు. ఫిల్టరు చూశాడు. పంపు ప్రెషరు కొలిచాడు. స్కానర్ పెట్టాడు. సత్వా చుట్టూ రెండు రౌండ్లు కొడితే బండి బాణంలా పోయింది.

"బండికి ఏ రోగం లేదు. రోగం నీకున్నది, బద్ధకం రోగం" అన్నాడు.

వారం తిరక్కుండా మళ్లీ అదే ఫిర్యాదు, మళ్లీ అదే తంతు, అదే ఫలితం. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు ఉంది వీడి వరస అని అందరి ముందూ నవ్వాడు. "బండిలో లోపం లేదు" అని రెండుసార్లూ కాగితం మీద సంతకం పెట్టాడు.

మూడోసారి కాగితం పట్టుకుని, బాషాను వెంటబెట్టుకుని కంపెనీ సూపర్‌వైజర్ మంగరాజే వచ్చాడు. తునివాడు, మాట మెత్తన. "పని ఎగ్గొడుతున్నాడని ఆఫీసులో అంటున్నారండి. ఈసారి కూడా లోపం లేదంటే ఇంటికి పంపేస్తారు. తమరు సంతకం పెట్టేస్తే ఓ పనయిపోద్ది."

పర్శరాములు పెన్ను తీశాడు.

"నిన్న ట్రైలర్ లారీ నా ఎనకాల పది అడుగుల్లో ఆగింది ఉస్తాద్" అన్నాడు బాషా. "ఈ సందుల్లో తిప్పితే ఏం తెలుస్తాది? నువ్వు ఆ రోడ్డు మీద నడిపినావా? నడపకుండా సంతకం పెట్టొద్దు."

ఒక రైడరు తనకు పని చెప్పడమా. పర్శరాములు ఒళ్లు మండిపోయింది. బాషా చేతిలో తాళం గుంజుకున్నాడు. "నేనే నడుపుత. బండి ఆగకపోతే అప్పుడు చెప్త నీ సంగతి" అంటూ స్కానర్ బండి వెనక పెట్టెలో పడేసి బయల్దేరాడు. ఆ ఆవేశంలో మూత తియ్యడం, వాసన చూడడం మరిచేపోయాడు.

మిట్ట మధ్యాహ్నం. హెల్మెట్‌లో తల ఉడుకుతోంది. ఇరవై నిమిషాలు, ముప్ఫై నిమిషాలు, బండి గుర్రంలా పోతోంది. బాషాను తిట్టడానికి మంచి మాటలు వెతుక్కుంటూ పోతున్నాడు పర్శరాములు. జెబెల్ అలీ దగ్గర పడుతుండగా చేతి కింద బండి చచ్చుబడింది. యాక్సిలేటర్ పూర్తిగా తిప్పినా వేగం పడిపోతూనే ఉంది. వెనక లారీ హారన్ కొడుతూ మీదికి వచ్చేసింది. ఎట్లా పక్కకు లాగాడో అతనికే తెలియదు. లారీ గాలికి బండి ఊగిపోయింది.

బండి దిగి స్కానర్ పెట్టాడు. ఒక్క కోడూ లేదు. నోటికొచ్చిన బూతు తిట్టాడు దాన్ని. పాత అలవాటు కొద్దీ పెట్రోలు వాసన చూద్దామని మూత తిప్పాడు.

ట్యాంకు సుయ్‌మని గాలి పీల్చుకుంది. చాలాసేపు పీల్చింది. బటన్ నొక్కితే బండి వెంటనే అందుకుంది.

నూనె డబ్బాకు ఒక్కటే బొక్క పెడితే నూనె దిగదని, గాలికి ఇంకోటి పెట్టాలని కిరాణా కొట్టువాడికి కూడా తెలుసు. పెట్రోలు దిగేకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి. అందుకోసం మూతలో సూది మొనంత రంధ్రం ఉంటుంది. పర్శరాములు మూత తిరగేసి చూశాడు. ఆ రంధ్రం తెల్లటి గమ్ముతో నున్నగా మూసుకుపోయి ఉంది. ఆ చెయ్యి ఎవరిదో అడగక్కర్లేదు. వానలప్పుడు ట్యాంకుల్లోకి నీళ్లు దిగకుండా నలభై మూతలకూ కూర్చుని గమ్ము పెట్టింది తనే. సందుల్లో తిరిగే బండ్లు ఆగినప్పుడల్లా మూత అంచుల్లోంచి కాస్త గాలి దూరి నెట్టుకొస్తున్నాయి. దూరం పోయే బాషాకే ఉరి బిగిసింది. గ్యారేజీకి వచ్చిన ప్రతిసారీ తానే ముందు మూత తీసి, రోగాన్ని వదిలేసి, ఆ తర్వాత రోగం లేదని తేల్చాడు.

ఇన్నేళ్లలో ఎవరి మీదా రానంత కోపం తన మీద వచ్చింది.

తిరిగి వచ్చి కాగితం మీద రాశాడు: "తప్పు గ్యారేజీది. గమ్ము నేను పెట్టిన. బాషా చెప్పింది నిజం."

మంగరాజు చదివి తల గోక్కున్నాడు. "ఎందుకండీ ఇదంతా. రెండో కాగితానికే ఆఫీసులో ఖలాస్ చేసేశారు, ఉద్యోగం తీసేశారు. రేపు వీసా క్యాన్సిల్ పెడతారు. ఇది ఫైలు కోసం, అంతే."

"అట్లనా సార్" అని పర్శరాములు ఇంకో కాగితం తీసుకున్నాడు. నలభై బండ్లూ రోడ్డు మీదికి పోవద్దని, పోతే ప్రాణాపాయమని రాసి, ముద్ర కొట్టి, సంతకం పెట్టాడు. ఆ ముద్ర పడ్డాక కంపెనీ ఏ బండినీ తిప్పడానికి వీల్లేదు. రైడర్లకు తనే ఫోన్లు చేసి పిలిచాడు. గంటలో గ్యారేజీ సందు బండ్లతో నిండిపోయింది. మంగరాజు ఫోను మోగుతూనే ఉంది.

"గమ్ము తీసెయ్యండి, పది నిమిషాల పనే కదండీ" అని బతిమాలాడు.

"తీస్త. బాషాను తీస్తలేమని ఆఫీసోళ్లు రాసియ్యనియ్. పంపేదుంటే నన్ను పంపుమను. తప్పు నాది."

సాయంత్రం అయిదింటికి, బాషాను తియ్యడం లేదని మంగరాజు ఫోనులో ఆఫీసు కాగితం వచ్చింది. పర్శరాములు మూడుసార్లు చదివించుకుని, సూది తీసుకుని, ముందుగా బాషా బండి దగ్గరికి నడిచాడు.

బాషా మూత మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"సూది నాకియ్యి ఉస్తాద్" అన్నాడు. "నీ చెయ్యి మీద నాకు నమ్మకం లేదు. నా బండి నేనే చూసుకుంటా."

చుట్టూ రైడర్లంతా ఉస్తాద్ ముఖం వైపు చూశారు. పర్శరాములు సూదిని బాషా అరచేతిలో పెట్టి పక్కకు జరిగాడు.