అద్దం మీద ఒక్క పేరు

అయిజలో నాది స్టిక్కర్ల దుకాణం. ఒకసారి అన్నదమ్ములిద్దరు కలిసి కొన్న కారును తమ్ముడు తెచ్చి, ముందు అద్దం మీద తన కూతురి పేరు వేయమన్నాడు. సబ్బునీళ్లు చల్లి, అక్షరాలు అంటించి, బుడగలు లేకుండా నొక్కుతున్నాను. అంతలో అన్న వచ్చాడు.

"మరి నా బిడ్డ పేరేదిరా?" అంటూ కారు డిక్కీలోంచి జాకీ రాడ్డు తీసి అద్దాన్ని బాదాడు. గాజు పెంకులు నా ముఖానికి తగిలాయి. తమ్ముడు నా కటర్ అందుకుని అన్న గొంతు మీదికి దూకాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. బ్లేడు నా అరచేతిని చీల్చింది.

నెత్తురు చూసి ఇద్దరూ ఆగిపోయారు. అన్న తన తువ్వాలను నా చేతికి బిగించి కట్టి, "జర ఓర్సుకో తమ్మీ, దవాఖానకు పోదాం" అన్నాడు. పగిలిన అద్దంలోంచి దారి చూసుకుంటూ తమ్ముడే కారు నడిపాడు. దారంతా ఏడుస్తూనే ఉన్నాడు. అన్న అతని వైపు తిరగకుండా, నా చెయ్యి నొక్కి పట్టుకుని కూర్చున్నాడు.