బల్లకి అవతలి వరుస

లోసేలికి చేతకాని పని ఒక్కటే, ఊరుకోవడం. పసిఫిక్ సముద్రంలోని టోంగాటాపు దీవి పడమటి కొసన ఉన్న ఆ ఊళ్లో చెట్టుబెరడు బట్టకి జిగురు పెట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఆ సంగతి అందరికీ చెప్పేదీ ఆమే.

అలాంటి మనిషికి కూతురి పెళ్లిలోనే గడ్డుకాలం వచ్చిపడింది. శనివారం మెలెనైటే పెళ్లి. పొడవాటి బెరడు బట్ట పరచకపోతే తల్లి నలుగురిలో తలెత్తుకోలేదు. ఆ బట్టేమో ఒక్కరివల్ల అయ్యేది కాదు. పొడుగు బల్లకి ఇటో వరుస, అటో వరుస ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చోవాలి. వీళ్లు ఉడికీ ఉడకని కర్రపెండలం దుంపతో జిగురు రాస్తుంటే, వాళ్లు బెరడు పొరని బిగించి పట్టాలి.

అవతలి వరుసకి పెద్ద వైయోలా, లోసేలి మొగుడి అక్క. చర్చి విందులో ఆమె తెచ్చిన కాల్చిన పందిని లోసేలి బల్ల చివరికి నెట్టింది.

"నెట్టక? ఈగలు ముసురుతుంటే నెత్తిన పెట్టుకోనా?" అని లోసేలి వాదన. వైయోలా అలిగింది, ఆమెతోపాటు ఆ వరుసంతా రావడం మానేసింది. విడ్డూరం చూడండి, పెళ్లిలో ఆ బట్ట అందుకునేది పెళ్లికూతురి మేనత్త. అంటే ఆ వైయోలాయే!

"వాళ్లు లేకపోతే పని ఆగుతుందా?" అని లోసేలి తనవాళ్లందరినీ ఒకే పక్క కూర్చోబెట్టింది. పొరలు జారాయి, జిగురు ఉండలు కట్టింది, ఎత్తి చూస్తే అతుకులు నోళ్లు తెరిచాయి. లోసేలికి మతిపోయింది. అదే దుంప, అవే చేతులు కదా!

బళ్లో సైన్సు చెప్పే మెలెనైటే వచ్చి చూసింది. "అమ్మా, నీటిలో అణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయే, దాన్ని సంసంజనం అంటారు. అందుకే చేమాకు మీద నీళ్లు బొట్టులా నిలుస్తాయి. జిగురు బెరడుకి అంటుకోవడం వేరు, అది అసంజనం."

"మరి మొన్న పిల్లల వ్యాసాలు దిద్దుతూ ఏదో అతుకు లేదన్నావు?"

"అది పొందిక. ఒక వాక్యం ఇంకోదాన్ని అందుకోవాలి."

"పాస్టరుగారు రోజూ చెప్పేదో?"

"అది ఐకమత్యం."

"నీ చదువు బంగారం కానూ! మరి మీ అత్తా నేనూ ఇందులో ఏ రకమే?"

మెలెనైటే ఊడిన పొరల్ని మడిచి పక్కన పెట్టింది.

చివరికి లోసేలే అభిమానం చంపుకుని వెళ్లింది. వైయోలా గుమ్మంలో కొబ్బరి తురుముతోంది.

"వదినా, రావా?"

"ఎవరికే వదిన? నా మేనకోడలి కోసం వస్తాను. నీతో మాత్రం మాట్లాడను."

"మాట్లాడమని ఎవరు ఏడ్చారు!"

వచ్చింది, వరుసంతా వచ్చింది. మాటలు మాత్రం పక్కవాళ్ల మీదుగానే.

"జిగురు పల్చనైందని ఆవిడకి చెప్పండి."

"నాకూ కళ్లున్నాయని ఆవిడకి చెప్పండి."

బట్ట తయారైంది. లాగితే ఒక్క అతుకూ కదల్లేదు. కోపాలు ఎక్కడివక్కడే ఉంటే ఇదెలా అతుక్కుందో లోసేలికి అంతుపట్టలేదు.

పెళ్లిలో మేనత్తకని వేసిన చాప మీద వైయోలా ఒక్కతే కూర్చుంది. బట్ట ఆమె ముందు పరిచారు. ఆమె కత్తి అడిగి, బట్టని నడిమికి సర్రున కోసేసింది. వైయోలా ఒక సగం మడిచి లోసేలి చేతుల్లో పడేసింది.

"ఇదేంటి వదినా? నన్ను కలుపుకున్నావా, తెంచుకున్నావా?"

వైయోలా చాప మీద కాస్త పక్కకి జరిగింది. మేనత్త చాప మీద ఇంకొకరు కూర్చోవడం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. లోసేలి సగం బట్టని గుండెకి హత్తుకుని, కూర్చోవచ్చో కూడదో తెలీక, అందరి ముందూ నిలబడి ఏడ్చింది.

"ఏడుపెందుకే?" అంది వైయోలా, ఈసారి పక్కవాళ్ల మీదుగా కాకుండా తిన్నగా ఆమెతోనే.

"నాకేం తెలుసు!" అంది లోసేలి.